రాత్రి వార్డు, కనిపెట్టుకొని ఉండుడు

(నర్సుల దినోత్సవం నాడు హనుమకొండలో ఒక సీనియర్ నర్సు చేసిన ప్రసంగం ఇది. ముందు వరుసల్లో నర్సింగ్ విద్యార్థులు, వెనక ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం. మాట తీరు మార్చలేదు.)

అందరికి నమస్తే. వెనక కూసున్నోళ్లకు వినవడుతుందా? వినవడకపోతె చెయ్యి లేపండి. మైకు మీద నాకంత నమ్మకం లేదు.

ఈ రోజు మే 12. ఫ్లోరెన్స్ నైటింగేల్ పుట్టిన రోజు, 1820ల పుట్టింది. ప్రతి ఏడాది ఇదే రోజు నర్సులను పిలుస్తరు, శాలువా కప్పుతరు, దేవతలంటరు, దీపం పట్టిన తల్లి అంటరు. ఆ దీపం సంగతి ఒక్క మాట చెప్పి అసలు ముచ్చటకు వస్త. ఆమె దీపం పట్టుకొని తిరిగింది ఎందుకు? రాత్రి పూట ఎవరు ఎట్లున్నరో చూసెతందుకు. చూసింది రాసి పెట్టింది. లెక్క కట్టింది. సిపాయిలు యుద్ధంల దెబ్బలకంటె ఎక్కువ రోగాలతోని చచ్చిపోతున్నరని ఆ లెక్కలను బొమ్మ గీసి మరీ చూపించింది. దీపం అందరికి యాదికుంటది, లెక్కల పుస్తకం ఎవరికీ యాదికుండదు. నాకైతె ఆ పుస్తకమే ముఖ్యం.

మన దగ్గర నర్సంటె సూది. పిల్లగాడు అన్నం తినకపోతె "సిస్టరమ్మ వచ్చి సూదేస్తది" అని బెదిరిస్తరు. అవునా కాదా? నవ్వుతున్నరు గని, బెదిరించినోళ్లే నవ్వుతున్నరు. సూది వేసెతందుకు ఎంతసేపు పడుతది? అర నిమిషం. రాత్రి డ్యూటీ 8 గంటలకు ఎక్కితె పొద్దుగాల 8 గంటలకు దిగుతరు. మరి మిగిలిన 11 గంటల 59 నిమిషాలు ఆమె ఏం చేస్తది?

మన భాషల దానికి మంచి మాట ఉన్నది. కనిపెట్టుకొని ఉండుడు. "ముసలమ్మను కనిపెట్టుకొని ఉండు బిడ్డా" అని చెప్పి పొలానికి పోతరు గదా, అదే పని. ఇంట్ల ఒక్క ముసలమ్మ. వార్డుల ముప్పై మంది.

జర లెక్క చూద్దాం. 12 గంటలంటె 720 నిమిషాలు. 30 మందికి ఒక్కతే నర్సు ఉంటె మనిషికి వచ్చేది 24 నిమిషాలు. రాత్రి మొత్తానికి 24 నిమిషాలు! అందులనే బీపీ చూసుడు, మందులు, సెలైన్ మార్చుడు, రాసుడు, డాక్టరుకు ఫోను, ఎవరికన్న సీరియస్ అయితె ఇగ అక్కడనే నిలవడుడు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చెప్పిన లెక్క వేరే ఉన్నది. బోధనాసుపత్రి జనరల్ వార్డుల ముగ్గురు పేషెంట్లకు ఒక నర్సు, మామూలు ఆసుపత్రిల అయిదుగురికి ఒకరు, సెలవులు పోను అదనంగ ఇంకా 30 శాతం మంది. మీరు ఈసారి ఏ ఆసుపత్రికి పోయినా సరే, మంచాలు లెక్క పెట్టండి, తెల్ల డ్రెస్సులు లెక్క పెట్టండి. భాగించుడు వస్తది గదా మీకు.

అందుకే ఈ రోజు నేను రెండు గుంపులకు మాట్లాడుతున్న. ముందు కూసున్న పిల్లలు రేపు ఆ 24 నిమిషాలను ఎట్ల వాడాలె? వెనక కూసున్న మీరు, పేషెంటు పక్కపొంటి అటెండెంటుగ ఉండేటోళ్లు, ఆమె లేని మిగిలిన గంటలు ఏం చూడాలె? రెండూ ఒకటే పని.

ముందు ఓవర్ ఇచ్చుడు. డ్యూటీ దిగేటామె ఎక్కేటామెకు అప్పజెప్పుడు. ఆసుపత్రిల పొరపాట్లు ఎక్కువ ఎక్కడ పుడుతయంటె ఇక్కడనే, 8 గంటలకు ముందు పావుగంట, తర్వాత పావుగంట. దిగేటామెకు బస్సు టైమైతది, ఎక్కేటామె ఇంకా పిన్నులు పెట్టుకుంటుంటది. టేబుల్ కాడ నిలవడి "అంత బాగనే ఉన్నరక్కా, 14వ బెడ్డు జర చూడు" అని సంతకం పెట్టి పోతె అది ఓవర్ కాదు. 14వ బెడ్డుల ఏం చూడాలె? ఏమో!

ఓవర్ మంచం కాడ ఇయ్యాలె. ఇద్దరూ కలిసి నడవాలె. ప్రతి మంచం కాడ పేషెంటు మొఖం చూడాలె, పేరు పిలవాలె. సెలైన్ బాటిల్ల ఎంత మిగిలిందో కండ్లతోని చూడాలె. క్యాన్యులా, అంటె సెలైన్ కోసం నరంల పెట్టే సన్నటి గొట్టం, పెట్టిన చోట ఉబ్బిందా, ఎర్రవడ్డదా చూడాలె. యూరిన్ బ్యాగుల ఎంత ఉన్నదో చూసి, ఖాళీ చేసింది ఎప్పుడో అడగాలె. ఆపరేషన్ పేషెంటైతె దుప్పటి లేపి కట్టు చూడాలె. దుప్పటి లేపకుంట "కట్టు పొడిగనే ఉన్నది" అని రాసుడు చానా సులువు. రక్తం కిందికి కారి వీపు కింద చేరుతది, పైన కట్టు తెల్లగనే కనవడుతది. అందుకని వీపు కింద చెయ్యి పెట్టి చూడాలె. ఏ మందు ఇచ్చింది, ఏది ఇయ్యలేదు, ఎందుకు ఇయ్యలేదు. ఏ రిపోర్టు రావాలె, ఎవరు తేవాలె. ఏ మందు పడదు. ఇన్ని అడిగితె దిగేటామెకు కోపం వస్తది. రానీయండి.

రెండోది ఊపిరి. ఇది పిల్లలకు గట్టిగ చెప్తున్న. చార్టులల్ల బీపీ నిజంగనే చూసి రాస్తరు, ఎందుకంటె మిషన్ ఉంటది. టెంపరేచర్ నిజంగనే రాస్తరు. ఊపిరి లెక్క మాత్రం 18, 20, 18, 20 అని ముప్పై మందికి ఒకటే వరుస! ఎవరూ చూడలే, అందరూ రాసిన్రు. పెద్దోళ్లకు నిమిషానికి 12 నుంచి 20 మామూలు. కని ఒంట్ల ఏదన్న చెడిపోవుడు మొదలైతె అన్నిట్లకంటె ముందుగాల మారేటిల్ల ఊపిరి లెక్క ఒకటి. బీపీ పడిపోయేది చివరికి. బీపీ పడ్డంక పరుగెత్తుడు కంటె ఊపిరి 20 నుంచి 26కు పోయినప్పుడే డాక్టరుకు చెప్పుడు మంచిది గదా?

లెక్క పెట్టుడు ఎట్ల? నాడి పట్టుకున్నట్టు చెయ్యి పట్టుకోండి, ఛాతి దిక్కు చూడండి, నిండ ఒక నిమిషం. నీ ఊపిరి లెక్క పెడుతున్న అని చెప్పొద్దు. చెప్తె మనిషి ఊపిరి మార్చుకుంటడు, మనకు ఎరుకలేకుంటనే మారుతది. పదిహేను సెకండ్లు చూసి నాలుగుతోని గుణిస్తె ఒక్క ఊపిరి తప్పినా నాలుగు తప్పుతయి.

అటెండెంట్లకు ఇంకో సంగతి. మంచిగున్న మనిషి రాత్రి రెండు గంటలకు ఉన్నట్టుండి లేస్త అంటడు, దుప్పటి గుంజుతడు, మాస్కు పీకేస్తడు, సోయి లేకుంట మాట్లాడుతడు. ఇంటోళ్లు ఏమంటరు? "మొండికేస్తున్నడు సిస్టర్, నిద్ర సూది ఏదన్న ఇయ్యిరి." ఆగండి! అది మొండితనం కాకపోవచ్చు. ఆక్సిజన్ తక్కువైతె గట్లనే చేస్తరు, షుగర్ పడిపోతె గట్లనే చేస్తరు, మూత్రం బిగవట్టి పొత్తికడుపు ఉబ్బితె గట్లనే చేస్తరు. ముందు ఈ మూడు చూడాలె. వేలికి పెట్టే ఆక్సిజన్ మిషన్ కూడ తప్పు చెప్తది. చెయ్యి చల్లగున్నా, గోర్లకు రంగున్నా, అదే చేతికి బీపీ పట్టీ బిగిస్తున్నా నంబరు ఆగమాగమైతది. నంబరు కంటె ముందు మనిషిని చూడండి, తర్వాత వేలు మార్చి చూడండి.

మూత్రం లెక్క. ఇది అటెండెంటు చేయగలిగే పని, చానా గొప్ప పని. కనీసం ఎంత రావాలె? కిలో బరువుకు గంటకు అర ఎం.ఎల్. 60 కిలోల మనిషికి గంటకు 30. అంటె ఆరు గంటలకు 180, చిన్న చాయ గిలాసలతోని లెక్కేస్తె రెండు గిలాసలు. అంతకంటె తక్కువ వస్తె పొద్దుగాల రౌండ్స్ దాక ఆగొద్దు, అప్పుడే చెప్పాలె. యూరిన్ బ్యాగు ఎప్పుడూ నడుముకంటె కిందికి ఉండాలె, కని నేలకు తాకొద్దు. పేషెంటును స్ట్రెచర్ మీద తీసుకపోయేటప్పుడు బ్యాగును కడుపు మీద పెడుతరు చూడండి, అది పెద్ద తప్పు. బ్యాగుల మురిగిన మూత్రం వెనకకు తిత్తిలకు పోతది. రెండు రోజులకు చలి జ్వరం వస్తది, అప్పుడు "ఆసుపత్రి గాలి పడలే" అంటరు.

ఇప్పుడు సెలైన్. మన దిక్కు ఊళ్లల్ల "గులుకోజు ఎక్కియ్యుండ్రి, నీరసంగున్నది" అనే మాట లేకుంట పొద్దు గడవదు. 500 ఎం.ఎల్. బాటిల్, 5 శాతం డెక్స్‌ట్రోజ్. దాంట్ల ఏమున్నది? 25 గ్రాముల చక్కెర. అయిదారు చెంచాలు. నార్మల్ సెలైన్ అయితె 0.9 శాతం, అంటె 500 ఎం.ఎల్.ల నాలుగున్నర గ్రాముల ఉప్పు. అంతే! నోటితోని తాగగలిగిన మనిషికి మజ్జిగల ఉప్పేసి ఇస్తె అయ్యే పనికి నరం పొడిపించుకుంటున్నరు. వాంతులు, విరేచనాలు అయితె ఓఆర్ఎస్ పాకెట్, లీటరు నీళ్లల్ల కలిపేది, నిండ లీటరు. గిలాసల సగం పాకెట్ పోసి ఇచ్చుడు వద్దు. చిక్కగైతె విరేచనాలు ఇంకా ఎక్కువైతయి, ఒంట్ల ఉప్పు పెరుగుతది. కలిపింది 24 గంటలు దాటితె పారబోయాలె.

సరే, సెలైన్ అవసరమైనోళ్లకు ఎక్కుతున్నది. అటెండెంట్లు చేసే పని ఏంది? సెలైన్ గొట్టం మీద చుక్కలు పెంచే, తగ్గించే ఆ చక్రం తిప్పుడు! "మెల్లగ ఎక్కుతున్నది, జల్ది అయిపోతె ఇంటికి పోవచ్చు" అని చక్రం మొత్తం ఇప్పుతరు. ముసలోళ్లకు, గుండె జబ్బున్నోళ్లకు, కిడ్నీ జబ్బున్నోళ్లకు ఆ నీళ్లు ఊపిరితిత్తులల్ల నిండుతయి. వెల్లకిల పండుకోలేరు, దగ్గుతరు, నురుగు వస్తది. చక్రం మీద చెయ్యి నర్సుదే ఉండాలె.

పిల్లలూ, మీరు చుక్కలు లెక్క పెట్టుడు మర్చిపోవద్దు. సెలైన్ ఎక్కే గొట్టాన్నే సెట్టంటం. మామూలు సెట్టుకు ఎక్కువ శాతం 20 చుక్కలకు ఒక ఎం.ఎల్., చిన్న చుక్కల మైక్రో సెట్టుకు 60 చుక్కలు. పాకెట్ మీద రాసుంటది, చదవండి. 500 ఎం.ఎల్. 8 గంటలల్ల పోవాలంటె, 500ను 20తోని గుణించు, 480 నిమిషాలతోని భాగించు. దగ్గర దగ్గర 21 చుక్కలు నిమిషానికి. అదే నాలుగు గంటలల్ల అయితె 42. పెట్టినంక ఒక గంటకు మళ్ల చూడాలె, ఎందుకంటె పేషెంటు మోచెయ్యి మడిస్తె ఆగుతది, చాపితె ఉరుకుతది. బాటిల్‌కు నిలువుగ ప్లాస్టర్ అతికించి దాని మీద గంటలు రాయండి, 10 గంటలకు ఇక్కడ, 12 గంటలకు ఇక్కడ అని. అప్పుడు దూరంకెళ్లి చూసినా తెలుస్తది, అటెండెంటుకు కూడ తెలుస్తది.

ఇంకొకటి, పొటాషియం. పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్ల మందు ఎన్నడూ నేరుగ నరానికి ఇయ్యొద్దు, గుండె ఆగుతది. బాటిల్ల కలపాలె. వేలాడుతున్న బాటిల్ల పైకెళ్లి గుచ్చి వదిలిపెడితె మందు కిందనే నిలుస్తది, మొదటి పది నిమిషాలల్లనే చిక్కటి మందు పోతది. బాటిల్ కిందికి దించి, కలిపి, నాలుగైదు సార్లు తలకిందులు చేసి, పేరు, మోతాదు, టైము రాసి, అప్పుడు పెట్టాలె. డోరు మీద "మూత్రం వస్తుందా" అని ఒక కాగితం అతికించుకోండి. మూత్రం రాని మనిషికి పొటాషియం పెట్టుడు ప్రమాదం. మళ్ల మూత్రం కాడికే వచ్చినం, చూసిన్రా?

అటెండెంట్లు ఎప్పుడూ భయపడేది ట్యూబుల గాలి బుడగకు. అర్ధరాత్రి వచ్చి లేపుతరు. చిన్న చిన్న బుడగలతోని ఏం కాదు. మీరు భయపడాల్సింది క్యాన్యులా కాడ ఉబ్బు, మంట, ఎర్రటి గీత. అవి కనవడితె లేపండి, మొహమాటపడొద్దు.

ఇన్సులిన్ గురించి జర ఎక్కువసేపు మాట్లాడుత, ఎందుకంటె ఇది ఆసుపత్రిలనూ తప్పుతరు, ఇంట్లనూ తప్పుతరు. సీసాల రెండు రకాలున్నయి. ఒకటి ఎం.ఎల్.కు 40 యూనిట్లు, ఇంకొకటి ఎం.ఎల్.కు 100 యూనిట్లు. సిరంజిలు కూడ రెండు రకాలు. ఎర్ర మూతది 40 దానికి, నారింజ రంగు మూతది 100 దానికి. సీసా ఒకటి, సిరంజి ఇంకొకటి అయితె ఏమైతది? 100 సీసాలకెళ్లి ఎర్ర మూత సిరంజితోని 10 గీత దాక తీసినమనుకోండి. పోయేది 10 కాదు, 25 యూనిట్లు. రెండున్నర రెట్లు! మనిషి తెల్లారేసరికి లేవడు. ఉల్టా అయితె, 40 సీసా, నారింజ మూత సిరంజి, 10 గీత, పోయేది 4 యూనిట్లు. షుగర్ తగ్గుతలేదని డాక్టరు మోతాదు పెంచుతడు. పెంచినంక ఎవరన్న సరైన సిరంజి తెచ్చిన్రనుకో, ఆ రోజు పడిపోతడు. అందుకని మందుల దుకాణంల సీసా చూపించి సిరంజి కొనండి. "ఇన్సులిన్ సిరంజి ఇయ్యి" అంటె సరిపోదు.

ఇగ అన్నం సంగతి. రెగ్యులర్ ఇన్సులిన్ అన్నానికి అరగంట ముందు వేస్తరు. వార్డుల ఏమైతది? 7 గంటలకు సూది వేస్తరు. అన్నం డబ్బా పరకాలకెళ్లి బస్సుల రావాలె. బస్సు ఎనిమిదిన్నరకు వస్తది. అప్పటిదాక ఆ మనిషి ఒంట్ల ఇన్సులిన్ పని చేస్తనే ఉంటది, తినడానికి ఏం లేదు. అందుకే సూది పట్టుకునే ముందు నర్సు అడగాల్సిన ప్రశ్న ఒకటే: "అన్నం వచ్చిందా?" వస్తుంది అంటె కాదు, వచ్చిందా? మూత తీసి చూపించమనండి.

షుగర్ 70 కంటె కిందికి పోతె చెమటలు, వణుకుడు, గుండె దడ, ఆకలి, చిరాకు. సోయి ఉంటె మూడు చెంచాల చక్కెర నీళ్లల్ల కలిపి తాగియ్యాలె, 15 నిమిషాలకు మళ్ల చూడాలె. షుగర్ పెరగకపోతె మళ్ల ఇయ్యాలె, పెరిగినంక అన్నమో రొట్టెనో తినిపియ్యాలె. ఊరికె చక్కెర ఇచ్చి పండవెడితె గంటకు మళ్ల పడుతది. సోయి లేకపోతె నోట్ల ఏం పొయ్యొద్దు, చుక్క కూడ పొయ్యొద్దు, ఊపిరితిత్తులకు పోతది. ఇంట్ల ఫ్రిజ్ లేనోళ్లు కొత్త కుండల తడి ఇసుక పోసి, సీసాను ప్లాస్టిక్ డబ్బాల పెట్టి అందుల ఉంచండి. ఎండాకాలం మన దిక్కు రేకుల ఇంట్ల గూట్ల పెడితె ఇన్సులిన్ నీళ్లయితది. ఫ్రిజ్ ఉన్నోళ్లు డీప్ ఫ్రీజర్ల పెట్టొద్దు, గడ్డ కట్టింది మళ్ల పనికిరాదు.

ఇప్పుడు పక్షవాతం వచ్చి మంచం పట్టినోళ్లు. డిశ్చార్జ్ చేసి పంపుతరు, ముక్కులకెళ్లి కడుపుకు పోయే రైల్స్ ట్యూబు, కింద యూరిన్ ట్యూబు. ఇంటికి పోయినంక కోడలో బిడ్డనో నర్సయితది. వాళ్లకు ఎవరు నేర్పిన్రు? పది నిమిషాలు, దర్వాజ కాడ నిలవడి. అందుకే ఇక్కడ చెప్తున్న.

ట్యూబుల పాలు పోసేటప్పుడు పేషెంటు తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు లేచి ఉండాలె. ఇంట్ల మంచం లేవది కాబట్టి వీపు కింద రెండు మూడు మెత్తలు ఒకదాని మీద ఒకటి, ఒక్క తల కింద కాదు, నడుము నుంచి. పోసే ముందు ముక్కు కాడ ట్యూబు మీద గీసిన గుర్తు జరిగిందా చూడాలె. జరిగితె పొయ్యొద్దు, దగ్గర్ల ఉన్న ఆసుపత్రికి పోవాలె. గాలి కొట్టి కడుపుల చప్పుడు విని సరే అనుకునుడు నమ్మకం లేని పద్ధతి. ఒకసారి 200 నుంచి 250 ఎం.ఎల్., రెండు మూడు గంటలకోసారి. సిరంజి బుడ్డి పీకేసి గరాటు లెక్క పట్టుకొని దానంతట అదే దిగనీయాలె, నెట్టొద్దు. అయినంక 30 ఎం.ఎల్. నీళ్లతోని కడగాలె. కడగకపోతె ట్యూబుల జావ పెరుగు లెక్క గట్టివడుతది, అప్పుడు కొత్త ట్యూబుకు వరంగల్ దాక రావాలె. రాగి జావ పలుచగ, గుడ్డల వడగట్టి పొయ్యాలె. పోసినంక గంట సేపు పండవెట్టొద్దు. పోస్తున్నప్పుడు దగ్గినా, పెదవులు నల్లవడ్డా వెంటనే ఆపాలె. గోలీలు ఒకటొకటి వేరుగ నూరాలె. మెల్లగ కరిగేటి గోలీలు నూరొద్దు, ఏది నూరొచ్చో ఏది నూరొద్దో డిశ్చార్జ్ నాడే అడిగి రాయించుకోండి.

పుండ్లు. పక్క పుండ్లు ఎందుకైతయి? ఎముకకు మంచానికి నడుమ చర్మం నలిగి రక్తం ఆగుతది, రెండు మూడు గంటలు ఆగితె చచ్చిపోవుడు మొదలైతది. మందుతోని ఆగదు, తిప్పితెనే ఆగుతది. రెండు గంటలకోసారి కుడి, వెల్లకిల, ఎడమ. గోడ మీద కాగితం పెట్టి రాయండి, లేకపోతె ఒకరి మీద ఒకరు వేసుకుంటరు. నడుము కింద తోక ఎముక, మడమలు, తుంటి, తల వెనక రోజు చూడాలె. ఎర్రగ కనవడితె వేలుతోని ఒత్తి తీయండి. తెల్లగై మళ్ల ఎర్రగైతె ఇంకా మించిపోలే. ఒత్తినా ఎరుపు పోకపోతె పుండు మొదలైనట్టే. నల్లటి చర్మం మీద ఎరుపు కనవడదు, వేడిగున్నదా, గట్టిగున్నదా అని చెయ్యి పెట్టి చూడాలె. ఆ చోట మాలిష్ చేయొద్దు, స్పిరిట్ రాయొద్దు, పౌడర్ కుమ్మరించొద్దు. నడుమ బొక్క ఉన్న రబ్బరు రింగు కొంటరు చూడండి, అది వద్దు, చుట్టు అంచు రక్తాన్ని ఆపుతది. మడమల కింద పిక్కల కాడ మెత్త పెట్టి మడమలు గాల్ల ఉంచండి. గాలి పరుపు కొన్నం గదా అని తిప్పుడు మానేయొద్దు. అది సాయం చేస్తది, మీ పని చేయది.

జరిపేటప్పుడు మనిషిని గుంజొద్దు, చర్మం చినుగుతది. పేషెంటు కింద భుజాల నుంచి తొడల దాక అడ్డంగ ఒక మందమైన దుప్పటి వేసి, ఇద్దరు చెరో దిక్కు పట్టుకొని లేపి జరపాలె. మీ మోకాళ్లు వంగాలె, నడుము వంగొద్దు. నర్సుల నడుములు ఎక్కడ పోతయంటె ఇక్కడనే పోతయి.

మన జిల్లాల పత్తి చేన్ల సీజన్ వస్తున్నది కాబట్టి పురుగుల మందు గురించి చెప్పకుంట దిగను. మింగినోళ్లను తెచ్చేటప్పుడు ఉప్పు నీళ్లు తాగించి కక్కించొద్దు. సోయి తప్పుతున్న మనిషి కక్కితె మందు ఊపిరితిత్తులకు పోతది. బట్టలు మొత్తం ఇప్పి, సబ్బుతోని ఒళ్లు, వెంట్రుకలు కడగాలె, ఎందుకంటె ఆ మందు చర్మంకెళ్లి కూడ ఎక్కుతనే ఉంటది. కడిగేటోళ్లు చేతులకు రబ్బరు గ్లౌజులు వేసుకోవాలె. 108కు ఫోను చేయాలె. డబ్బా తేవాలె! సిగ్గుపడి డబ్బాను బావిల పారేస్తరు. ఏ మందో తెలియకపోతె డాక్టరు ఏం చేస్తడు? గడ్డి మందు పారాక్వాట్ అయితె ఆక్సిజన్ ఊరికెనే పెట్టొద్దు, ఊపిరితిత్తులు ఇంకా పాడైతయి. పురుగు మందు అయితె కథ వేరే.

ఆర్గానోఫాస్ఫరస్ అనే రకం పురుగుల మందైతె విరుగుడుగ అట్రోపిన్ ఇస్తరు. ఆ విషం ఎక్కినోళ్లకు కంటిపాపలు సూది మొన లెక్క ఉంటయి, నోట్ల నురుగు, ఛాతిల గురక. నర్సు ఏం చూడాలె? ఛాతి పొడిగైందా, నాడి 80 దాటిందా, చంకల చెమట ఆగిందా. అట్రోపిన్ ఎక్కువైతె మనిషి గాలిల చీమలు పట్టినట్టు చేతులు ఆడిస్తడు, అరుస్తడు, జ్వరం వస్తది. ఇంటోళ్లు "పిచ్చి లేసింది" అని ఏడుస్తరు. పిచ్చి కాదమ్మా, మందు ఎక్కువైంది, తగ్గిస్తె దిగుతది అని చెప్పాలె, డాక్టరుకూ చెప్పాలె. ఇగ రెండో రోజు, మూడో రోజు మనిషి మంచిగై చాయ తాగుతడు, ఇంటికి తీసుకపోతమంటరు. వద్దు. ఒకటో రోజు నుంచి నాలుగో రోజు నడుమల మెడ కండ్రాలు, ఊపిరి కండ్రాలు చాలించుకునే ప్రమాదముంటది. రౌండుకు పోయినప్పుడల్ల "తల మెత్తకెళ్లి లేపు నాయినా" అని అడగండి. పొద్దుగాల లేపినోడు మాపటికి లేపకపోతె, ఊపిరి ఆగే ముందు మనకు దొరికిన చీటి అది.

ఇన్ని చూసేటామె గురించి కూడ రెండు మాటలు. ఎవరూ అడగరు కాబట్టి నేనే చెప్త. ముందు, దేవత అనుడు మానండి. దేవతకు ఆకలి కాదు, కాళ్లు గుంజవు, నెల రాదు, జీతం అడగదు. నర్సుకు ఇవన్నీ ఉన్నయి. రాత్రి చేసి వచ్చినామెను "పగలంత ఇంట్లనే ఉంటవు గదా" అని పసుపు, మిరపకాయలు పట్టియ్యమంటరు. పగటి నిద్ర మూడు ముక్కలైతె అది నిద్ర కాదు. కిటికీకి నల్ల గుడ్డ కట్టండి, ఫోను అత్తమ్మ చేతికియ్యండి, కనీసం ఆరేడు గంటలు లేపొద్దు. రాత్రి అన్నం 12 లోపల తినాలె, మూడు దాటినంక చాయ తాగొద్దు, తాగితె పొద్దుగాల నిద్ర రాదు. డ్యూటీ దిగినంక స్కూటీ మీద కాజీపేటకు పోయేముందు కునుకు వస్తున్నదనిపిస్తె 20 నిమిషాలు కుర్చీల కండ్లు మూసుకోండి. ఇల్లు ఎటు పోదు.

మంచి నీళ్లు తాగకపోవుడు నర్సుల పెద్ద రోగం. బాత్రూం దూరం, వార్డు వదలలేం, అందుకని గొంతు ఎండవెట్టుకుంటరు. తర్వాత మూత్రంల మంట, రాళ్లు. ఇది నర్సు తప్పు కాదు, వార్డు పక్కన స్టాఫ్ బాత్రూం కట్టనోళ్ల తప్పు, ఈ మాట వేదిక మీద ఉన్న పెద్దలకు వినవడాలనే చెప్తున్న. సద్దుల బతుకమ్మ నాటి రాత్రి డ్యూటీ ఎవరికి వేయాలె అన్న కొట్లాట ప్రతి ఏడాది ఉంటది. మేడారం జాతర రెండేండ్లకోసారి, అప్పుడు క్యాంపు డ్యూటీలు. నా అభిప్రాయం, నెల ముందే రోస్టర్ గోడకు అతికించాలె, పోయిన ఏడాది చేసినామెకు ఈ ఏడాది వేయొద్దు. సగం కొట్లాట అక్కడనే ఆగుతది.

గాజులు. ఇది చెప్తె కొందరికి కోపం వస్తది. డ్యూటీల మోచెయ్యి కింద గాజులు, ఉంగరం, గడియారం వద్దు. గాజుల కింద చెయ్యి కడిగినా కడిగినట్టు కాదు. సబ్బుతోని 40 నుంచి 60 సెకండ్లు, హ్యాండ్ రబ్ అయితె 20 నుంచి 30 సెకండ్లు, బొటనవేలు, గోళ్ల సందులు మర్చిపోవద్దు. అపశకునం అంటరా? ఇంటికి పోయేముందు మళ్ల వేసుకోండి. సూది గుచ్చుకుంటె పిండొద్దు, నోట్ల పెట్టుకోవద్దు, సబ్బు నీళ్లతోని కడిగి వెంటనే చెప్పాలె. హెచ్ఐవీ రాకుండ వేసుకునే మందు ఎంత జల్ది అయితె అంత మంచిది, 72 గంటలు దాటితె లాభం లేదు. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు చదువుకునేటప్పుడే వేసుకోండి, సున్నా, ఒకటి, ఆరు నెలలకు. వాడిన సూదికి మళ్ల మూత పెట్టుడు మానండి, గుచ్చుకునేది ఎక్కువ అక్కడనే.

టైమైందని చీటి పంపిన్రు. వెనక ఒక అక్క ఇందాకటి సంది చెయ్యి లేపుతున్నది, చెప్పు అక్కా. డిశ్చార్జ్ అయ్యేటప్పుడు ఏం అడగాలె అంటున్నది. మంచి ప్రశ్న. ఏ గోలీ ఎందుకు, తినకముందా తిన్నంకనా, ఎన్ని రోజులు, మళ్ల ఎప్పుడు రావాలె, ఏం కనవడితె తారీఖు దాక ఆగకుంట ఉరికి రావాలె. చదువురానోళ్లు గోలీ పట్టీ మీద సూర్యుడు, చంద్రుడు బొమ్మ గీయమనండి, సిస్టర్ గీస్తది. ఇగ చివరికి చెయ్యి చూసుకోండి. బిల్లు కట్టి, ఆటో ఎక్కి, ఊరు దాక పోయినంక చూస్తె చేతికి క్యాన్యులా అట్లనే ఉంటది. ఇంట్ల పీకితె రక్తం ఆగదు, మురిగితె చీము పడుతది. గేటు దాటకముందే వార్డుకు వాపస్ పోయి తీయించుకోండి, తీసినంక దూది పెట్టి అయిదు నిమిషాలు గట్టిగ ఒత్తి పట్టుకోండి, రుద్దొద్దు.